తనదంటూ ఒక గంట లేని ఫ్లోరెన్స్

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే చేతిలో దీపంతో సైనికుల మంచాల మధ్య తిరిగే నర్సమ్మే మనకు గుర్తొస్తుంది. ఆ దీపం పట్టుకోవడానికి ముందు, అన్నీ ఉన్న ఇంట్లో కూర్చుని, తనకు మతి చలిస్తుందేమోనని ఆమె ఏళ్ళ తరబడి భయపడిందని చాలామందికి తెలియదు.

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టింది కాబట్టి ఆ ఊరి పేరే పెట్టారు. తండ్రి ఇంగ్లండులో ఆస్తిపరుడు. కూతుళ్ళిద్దరికీ తనే గ్రీకు, లాటిన్, చరిత్ర చెప్పాడు. రెండు పెద్ద బంగళాలు, పిలిస్తే పలికే పనివాళ్ళు. ఇంకేం తక్కువ అనిపిస్తుంది కదూ?

తక్కువైంది సమయం. రోజంతా ఖాళీయే, కానీ ఒక్క గంటా తనది కాదు. వచ్చిన చుట్టాలతో కూర్చోవాలి, ఎవరో పైకి చదువుతుంటే వినాలి, గంటలకొద్దీ సాగే విందుల్లో నవ్వుతూ ఉండాలి. పుస్తకం తెరిస్తే తల్లి ఫ్యానీయో, అక్క పార్థినోపియో పిలిచేవారు. మగవాడి పనికి అడ్డు రావడానికి జంకే మనుషులు ఆడపిల్ల పనిని అసలు పని కిందే లెక్కపెట్టరని ఆమె బాధ. (ఈ మాట మన ఇళ్ళల్లోనూ ఎంతమంది అనుకుని ఉంటారో!) అందుకే తెల్లవారకముందే లేచి, కొవ్వొత్తి వెలుగులో ఆస్పత్రుల నివేదికలు చదువుకునేది. 1845లో సాల్స్‌బరీ ఆస్పత్రిలో పని నేర్చుకుంటానంటే ఇంట్లో ససేమిరా అన్నారు.

మనసుకు పని లేకపోయేసరికి అది పగటికలల్లోకి జారిపోయేది. నలుగురి మధ్యా కూర్చునే తను లేని లోకంలో తిరిగేది. ఆపుకుందామన్నా ఆగేవి కావు. అది పాపమనీ, పిచ్చికి దారి అనీ కుమిలిపోయేది. 1850 చివరికి, ముప్ఫై ఏళ్ళకే, చావు తప్ప మరేదీ వద్దనిపించిందని తన కాగితాల్లో రాసుకుంది.

మరుసటి ఏడాది జర్మనీలోని కైజర్స్‌వర్త్‌లో మూడు నెలలు నర్సు పని నేర్చుకుంది. అయిదింటికే లేవాలి, భోజనానికి పది నిమిషాలు, తిండీ అంతంతమాత్రం. అయినా ఒంట్లోనూ మనసులోనూ హాయిగా ఉందని తల్లికి ఉత్తరం రాసింది. విశ్రాంతి ఇవ్వని స్వస్థత ఆమెకు పనిలో దొరికింది.

1854లో 38 మంది నర్సులతో క్రిమియా యుద్ధానికి వెళ్ళిన సంగతి అందరికీ తెలిసిందే. నాకు అంతకంటే గొప్పగా తోచేది 1859లో నర్సింగ్ గురించి ఆమె రాసిన చిన్న పుస్తకం. కాలం ఎంత బరువో అనుభవించిన మనిషి రాసిన పుస్తకమది. రోగికి శ్రమ కంటే ఎదురుచూపులు, ఏమవుతుందో తెలియని బెంగ ఎక్కువ చేటు చేస్తాయంటుంది. బయటికి వెళ్తే ఎప్పుడు వెళ్తున్నారో, ఎప్పుడొస్తారో ముందే చెప్పండి. నిలబడి హడావిడిగా మాట్లాడకండి, అతనికి కనబడేలా కూర్చోండి. ఏం ఫర్వాలేదు, తగ్గిపోతుందంటూ పైపై ధైర్యాలు చెప్పకండి. రోజూ అవే గోడలు చూసే కళ్ళకి నాలుగు పూలు చూపించండి. ఇంట్లో పెద్దవాళ్ళు మంచాన పడితే ఇవన్నీ ఈరోజుకీ పనికొస్తాయి.

యుద్ధం నుంచి వచ్చాక 1857లో ఆమే మంచం పట్టింది. అక్కడ సోకిన జ్వరమే, బహుశా బ్రూసెల్లోసిస్, కారణమని ఇప్పటి వైద్యులు చాలామంది అంటారు. దిగులూ చాలా ఏళ్ళు వదల్లేదు. కానీ ఆ గది మాత్రం తనదే. ముందుగా చెప్పకుండా ఎవరూ రాకూడదు, వచ్చినా ఒక్కొక్కరే రావాలి. తల్లినీ అక్కనూ కూడా దూరంగానే ఉంచింది. ఇది కాస్త కటువుగానే అనిపిస్తుంది నాకు. కానీ అలా కాపాడుకున్న గంటల్లోనే సైనికుల ఆరోగ్యం, ఆస్పత్రుల కట్టడం, మన దేశంలో పారిశుద్ధ్యం మీద కట్టలకొద్దీ రాసింది. 1860లో లండన్‌లో ఆమె పేరిట నర్సుల శిక్షణ పాఠశాల మొదలైంది.

1910లో తొంభయ్యో ఏట కన్నుమూసింది. సమయం లేని ఆడపిల్లల గురించి పడుచుతనంలో రాసుకున్న ‘కసాండ్రా’ అనే వ్యాసాన్ని 1860లో కొద్ది ప్రతులు మాత్రం వేయించి, తెలిసినవాళ్ళకే ఇచ్చింది. అది బయటి పాఠకుల చేతికి అందింది 1928లో.