స్టీఫెన్ బ్రునౌర్

స్టీఫెన్ బ్రునౌర్ (ఫిబ్రవరి 12, 1903 - జూలై 6, 1986) హంగేరీలో జన్మించిన అమెరికన్ రసాయన శాస్త్రవేత్త. ఘనపదార్థాల లోపలి ఉపరితల వైశాల్యాన్ని కొలవడానికి ఉపయోగించే బి.ఇ.టి. సిద్ధాంతాన్ని రూపొందించిన ముగ్గురిలో ఒకడు. ఆ పేరులోని మొదటి అక్షరం ఇతనిదే. గట్టిపడిన సిమెంటులోని సూక్ష్మరంధ్రాలకు, గాలిలోని తేమకు గల సంబంధంపై విశేష పరిశోధన చేశాడు.

తొలి జీవితం

బ్రునౌర్ బుడాపెస్ట్ నగరంలో జన్మించాడు. 1921లో అమెరికా చేరి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివాడు. యువకుడిగా ఉన్నపుడు వామపక్ష యువజన సంఘంలో కొంతకాలం సభ్యుడిగా ఉండి, 1927లో దానితో తెగతెంపులు చేసుకున్నాడు. ఈ చిన్న విషయమే పాతికేళ్ళ తరువాత ఇతని జీవితాన్ని మలుపు తిప్పింది. 1933లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

బి.ఇ.టి. సిద్ధాంతం

వాషింగ్టన్‌లోని ప్రభుత్వ నత్రజని పరిశోధనాలయంలో పాల్ ఎమ్మెట్‌తో కలసి, ఎరువులకు అవసరమైన అమ్మోనియా తయారీలో వాడే ఇనుప ఉత్ప్రేరకాలను బ్రునౌర్ పరిశీలించాడు. ఉత్ప్రేరకం శక్తి దాని లోపలి ఉపరితలంపై ఆధారపడుతుంది గనుక ఆ వైశాల్యాన్ని కొలవవలసి వచ్చింది. వాయువు అణువులు ఉపరితలంపై పొరలు పొరలుగా అంటుకుంటాయనీ, మొదటి పొరకు ఎన్ని అణువులు పట్టాయో లెక్కిస్తే వైశాల్యం తెలుస్తుందనీ ఎడ్వర్డ్ టెల్లర్‌తో కలసి వీరు 1938లో ప్రకటించారు.

నౌకాదళం, ఆరోపణలు

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రునౌర్ అమెరికా నౌకాదళంలో ప్రేలుడు పదార్థాల పరిశోధన విభాగానికి నాయకత్వం వహించాడు. 1943లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్‌ను నౌకాదళ సలహాదారుగా ఒప్పించినది ఇతడే. ఇతని భార్య ఎస్తేర్ విదేశాంగ శాఖలో ఉద్యోగిని. 1950లో సెనేటర్ జోసెఫ్ మెకార్థీ ఈ దంపతులపై కమ్యూనిస్టు సంబంధాల ఆరోపణలు చేశాడు. 1951లో ఇద్దరూ సస్పెండయ్యారు. బ్రునౌర్ రాజీనామా చేయగా, ఎస్తేర్‌ను 1952లో తొలగించారు. యుద్ధంలో దేశానికి సేవ చేసిన శాస్త్రవేత్తకు ఇది న్యాయమైన ప్రతిఫలమని అనలేము.

సిమెంటు పరిశోధన

1951లోనే బ్రునౌర్ చికాగో ప్రాంతంలోని పోర్ట్‌లాండ్ సిమెంట్ అసోసియేషన్‌లో చేరాడు. అప్పటికే అక్కడ టి.సి. పవర్స్, బ్రౌన్‌యార్డ్ అనే పరిశోధకులు నీటి ఆవిరితో బి.ఇ.టి. పద్ధతిని సిమెంటుకు ప్రయోగించి, 1946-47లో ఫలితాలు ప్రచురించారు. ఒక గ్రాము గట్టి సిమెంటు ముద్దలో సుమారు 200 చదరపు మీటర్ల ఉపరితలం ఇమిడి ఉంటుందని వారి లెక్క. అనగా రాయిలా కనిపించే సిమెంటు నిజానికి అతిసూక్ష్మ రంధ్రాలతో నిండిన జెల్.

ఈ రంధ్రాలలో నీరు నిలిచేదీ లేనిదీ గాలిలోని తేమ నిర్ణయిస్తుంది. రంధ్రం ఎంత సన్ననిదైతే నీటిని అంత గట్టిగా పట్టి ఉంచుతుంది. తేమ 90 శాతానికి తగ్గితే సుమారు 10 నానోమీటర్లకు మించిన వ్యాసార్థం గల రంధ్రాలు ఖాళీ అవుతాయి. 50 శాతం వద్ద ఈ హద్దు ఒకటిన్నర నానోమీటర్లకు దిగుతుంది. మిగిలిన నీరు రంధ్రాల గోడలను లోపలికి లాగుతుంది, కాంక్రీటు కుంచించుకొని పగుళ్ళు తీస్తుంది. మళ్ళీ తడిపినా పూర్తిగా పూర్వస్థితికి రాదు. తేమ సుమారు 80 శాతం కంటే తగ్గితే సిమెంటు, నీరు కలిసే చర్య దాదాపు ఆగిపోతుంది. రంధ్రాలు పూడక పెద్దవిగానే మిగిలిపోతాయి. మన ఇళ్ళ శ్లాబులపై మట్టి గట్లు కట్టి నీరు నిలపడంలోని శాస్త్రం ఇదే.

నత్రజనితో కొలిస్తే వైశాల్యం నీటి ఆవిరితో వచ్చిన దానికంటే చాలా తక్కువగా వచ్చేది. నత్రజని ప్రవేశించలేని ఇరుకు రంధ్రాలలోకి నీరు వెళుతుంది గనుక నీటి కొలతే నిజమని బ్రునౌర్ వాదించాడు. కెనడాకు చెందిన ఫెల్డ్‌మన్, సెరెడా 1968లో దీనిని తిరస్కరించారు. నీరు రంధ్రాలలోకే కాక జెల్ పొరల మధ్యకు కూడా చొరబడుతుందనీ, ఎండినపుడు ఆ పొరలు దగ్గరవుతాయనీ వారి వాదన. తరువాతి కాలపు అయస్కాంత అనునాద పరీక్షలు పొరల మధ్య నీటిని విడిగా గుర్తించాయి. ఆ మేరకు కెనడా వారి పక్షమే బలపడింది. అయినా ఈ చర్చకు అవసరమైన కొలబద్ద బ్రునౌర్ బృందానిదే.

చివరి సంవత్సరాలు

ఎస్తేర్ 1959లో మరణించింది. 1965లో బ్రునౌర్ న్యూయార్క్ రాష్ట్రంలోని పాట్స్‌డామ్‌లో గల క్లార్క్‌సన్ కళాశాలలో రసాయనశాస్త్ర శాఖాధిపతిగా చేరాడు. 1968లో మిఖాయిల్, బోడోర్‌లతో కలసి అతిసన్నని రంధ్రాల పరిమాణాన్ని విశ్లేషించే పద్ధతిని ప్రచురించి, దానిని సిమెంటుకు కూడా అన్వయించాడు.