అలెక్సంద్రియ కాపరి అతనాసియసు



ఐగుప్తులోని అలెక్సంద్రియ పట్టణమునకు దుర్బోధ పాటల రూపమున వచ్చెను. అచ్చటి సంఘ గురువులలో ఆరియసు అనునతడు, మంచి మాటకారి, 318 ప్రాంతమున క్రొత్త బోధ మొదలుపెట్టెను. దేవుని కుమారుడు నిత్యుడు కాడనియు, తండ్రిచేత సృజింపబడినవాడనియు దాని సారము. దానిని పాటలుగా కట్టి ఓడవారికిని, తిరుగళ్లు విసరువారికిని, బాటసారులకును అందించెను. రాగము బాగుండుటచేత జనులు పాడుకొనిరి. మన పల్లె భజనలలో మాత్రము మాటను విచారించువారెందరు? నేనును ఒకటి రెండు సార్లు పాట సగమైన తరువాతనే ఉలికిపడితిని.

ఆ పట్టణపు బిషప్పు అలెగ్జాండరు నొద్ద అతనాసియసు అను యౌవనుడు పరిచారకుడుగా నుండెను. 325లో కాన్‌స్టంటైను చక్రవర్తి నైసియాలో బిషప్పుల మహాసభను సమకూర్చినప్పుడు ఇతడును వెంట వెళ్లెను. కుమారుడు తండ్రితో ఏకతత్వము గలవాడని ఆ సభ ఒప్పుకొనెను. 328లో అలెగ్జాండరు నిద్రించగా మంద అతనాసియసు చేతికి వచ్చెను.

సభ ముగిసినను బోధ ముగియలేదు. ఆరియసు పక్షమువారు వట్టి చేతులతో రాలేదు. సామెతలు 8:22 చూపి వాదించిరి. అతనాసియసు ఆ ఒక్క వచనముతో ఆగక, యోహాను 1వ అధ్యాయము మొదలుకొని లేఖనమంతటిని వారి యెదుట పరచెను. ఇది ఒక మాట కొరకైన పంతమని తలంచినవారు అప్పుడును ఉండిరి. మన భాషలో చెప్పవలెనన్న, అప్పులో మునిగినవాడు సాటి అప్పులవానికి జామీను నిలువలేడు గదా! క్రీస్తు సృష్టిలోనివాడైనయెడల సృష్టిని మరణమునుండి విడిపించునదెవరు? అట్టివానికి మ్రొక్కుట అన్యుల పూజవంటిదే గదా? ఇదే ఆయన పట్టు.

శత్రువులు ఊరకుండలేదు. అర్సేనియసు అను బిషప్పును చంపించి, మంత్రవిద్య కొరకు చేయి నరికించెనని నిందవేసిరి. 335లో తూరు సభలో ఆ అర్సేనియసే సజీవుడుగా నిలిచి రెండు చేతులును చూపెనని చరిత్రకారులు వ్రాసిరి. అయినను, రాజధానికి పోవు ధాన్యపు ఓడలను ఆపుదునని బెదిరించెనను మరియొక నింద చక్రవర్తి చెవికెక్కెను. అంతట ఆయనను దూరపు గాల్ దేశమందలి ట్రియర్ పట్టణమునకు పంపివేసిరి.

356 ఫిబ్రవరిలో ఒక రాత్రి, సంఘము జాగరణ ప్రార్థనలో నుండగా, సైనికులు గుడిని చుట్టుముట్టిరి. ఆయన తన ఆసనము విడువక, 136వ కీర్తన చదువుమని పరిచారకునికి చెప్పెను. జనులు పల్లవి పలికిరి. జనులు వెళ్లువరకు తాను కదలనని కూర్చుండగా, తనవారే ఆయనను గుంపులోనుండి ఈడ్చుకొనిపోయిరి. ఎడారి సన్యాసులు ఆయనను ఆరేండ్లు దాచిరి. ఆ మరుగుననే ఆయన గ్రంథములు వ్రాసెను.

ఈలాగున నలుగురు చక్రవర్తుల కాలమున ఐదు సార్లు వెళ్లగొట్టబడెను. బిషప్పుగా నున్న 45 ఏండ్లలో సుమారు 17 ఏండ్లు తన మందకు దూరముగానే గడచెను.

367లో సంఘములకు వ్రాసిన పునరుత్థాన పండుగ లేఖలో ఏ పుస్తకములను దేవుని వాక్యముగా చదువవలెనో ఆయన వరుసగా తెలిపెను. మన క్రొత్త నిబంధనలోని 27 పుస్తకములును, ఎక్కువ తక్కువలు లేక, అందున్నవి. 373 మేలో, తన పట్టణములోనే, ఆయన ప్రభువునందు నిద్రించెను. 381లో కాన్‌స్టాంటినోపిల్ సభ నైసియా విశ్వాసమును మరల స్థిరపరచిన నాటికి ఆయన సమాధిలో నుండెను.