పక్షవాతం తర్వాతే... అసలైన పాశ్చర్!

పాల ప్యాకెట్‌ మీద ‘పాశ్చరైజ్డ్‌’ అన్న మాటను రోజూ చూస్తూనే ఉంటారు. కుక్క కరిస్తే టీకా కోసం ఆసుపత్రికి పరుగెడతారు. ఈ రెండింటి వెనకా ఉన్నది ఒక్కరే. ఆయనే ఫ్రాన్స్‌ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్‌. మరి కుక్కకాటు టీకాను తొలిసారి ఒక పిల్లాడికి ఇప్పించే నాటికి ఆయన ఎడమ చెయ్యి సరిగా పనిచేసేది కాదనీ, ఎడమ కాలు ఈడుస్తూ నడిచేవారనీ మీకు తెలుసా? 45 ఏళ్ల వయసులోనే ఆయనకు పక్షవాతం వచ్చింది. మీ ఇంట్లో ఎవరైనా ఈ జబ్బు బారినపడి, ఇక జీవితం అయిపోయిందని కుంగిపోతుంటే ఈ కథ వారికి తప్పకుండా చెప్పండి.

పొద్దున్నే వచ్చిన హెచ్చరిక

అది 1868 అక్టోబరు 19, సోమవారం. పారిస్‌లోని ఇంట్లో నిద్ర లేచిన పాశ్చర్‌కు ఒంట్లో ఎడమవైపు ఏదో తిమ్మిరిగా, చిమచిమలాడుతున్నట్టు అనిపించింది. మధ్యాహ్నం భోజనం తర్వాత వణుకు పుట్టింది. కాసేపు పడుకున్నారు. అయినా ఆ రోజు సైన్స్‌ అకాడమీ సమావేశానికి వెళ్లడం మానలేదు. భార్య మేరీకి మనసొప్పక గుమ్మం దాకా తోడు వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు వెంట ఉండమని ఆయన స్నేహితుడికి చెప్పారు. పాశ్చర్‌ సమావేశంలో ఎప్పటిలాగే పత్రం చదివి, నడుచుకుంటూ ఇంటికొచ్చి, భోంచేసి, పెందలాడే పడుకున్నారు.

పక్క మీదకు చేరిన కాసేపటికే అసలు దెబ్బ తగిలింది. పిలుద్దామంటే నోరు పెగల్లేదు. కొద్దిసేపటికి మాట వచ్చాక సాయం కోసం కేకేశారు. తర్వాత గంటల్లో మాట పోతూ వస్తూ, చెయ్యీ కాలూ మెల్లమెల్లగా పట్టు తప్పుతూ వచ్చాయి. మర్నాటికి ఎడమ భాగం పూర్తిగా చచ్చుబడింది.

పక్షవాతం చాలామందిలో ఉన్నట్టుండి ఒక్కసారిగా వస్తుంది. పాశ్చర్‌కు వచ్చినట్టు ఆగి ఆగి, మెట్లు మెట్లుగా ముదిరే రకం అంత తరచుగా కనిపించదు. ఇందులో ఓ ప్రమాదం ఉంది. మధ్యలో కాస్త తేరుకోగానే తగ్గిపోయిందిలే అని మనం సరిపెట్టుకుంటాం. విలువైన సమయం అక్కడే చేజారిపోతుంది.

జలగలు తప్ప మందు లేదు

శరీరం ఎడమ భాగాన్ని నడిపించేది మెదడులోని కుడి భాగం. పాశ్చర్‌కు దెబ్బ తగిలింది అక్కడే. మాటలు కూర్చే కేంద్రం చాలామందిలో మెదడు ఎడమవైపు ఉంటుంది. అందుకే కాబోలు, ఆయన నాలుక తడబడినా ఆలోచన చెక్కుచెదరలేదు. మంచం మీద కదల్లేని స్థితిలోనూ పరిశోధన గురించే మాట్లాడేవారు.

ఆ రోజుల్లో స్కానింగ్‌ లేదు. మెదడులో రక్తనాళం పూడుకుందో, చిట్లిందో తెలుసుకునే దారీ లేదు. చెవుల వెనక 16 జలగలను పట్టించారు. అప్పటికి పెద్ద వైద్యులకు తెలిసిన చికిత్స అదే. ఇక మిగిలింది మనుషుల సేవ. మేరీ పక్కనుంచి కదల్లేదు. శిష్యులు వంతులవారీగా రాత్రిళ్లు మేల్కొని కాపలా కాశారు.

బయట మాత్రం అంతా ఆశలు వదిలేసుకున్నారు. ఆయన కోసం కడుతున్న కొత్త ల్యాబ్‌ పని ఆగిపోయింది. మనిషే దక్కనప్పుడు భవనం ఎందుకనుకున్నారేమో! ఆ సంగతి తెలిసి పాశ్చర్‌ మనసు చివుక్కుమంది. చివరికి విషయం చక్రవర్తి మూడో నెపోలియన్‌ చెవిన పడ్డాక పని మళ్లీ మొదలైంది.

పట్టుపురుగుల కోసం పట్టుదల

అప్పుడు ఆయన చేతిలో ఉన్నది పట్టుపురుగుల పరిశోధన. ఏవో జబ్బులొచ్చి పురుగులు చచ్చిపోతుంటే దక్షిణ ఫ్రాన్స్‌లో పట్టు రైతులు దివాలా తీస్తున్న కాలమది. 1865లో ఆ పని చేపట్టాక పాశ్చర్‌ ఏడాది తిరిగేలోగా ఇద్దరు కూతుళ్లను పోగొట్టుకున్నారు. అంతకు ముందే ఒక కూతురు చనిపోయింది. అంత దుఃఖంలోనూ వదలని పని అది. అది పూర్తికాకుండానే పోతానన్నదే ఆయన బెంగ.

దెబ్బ తగిలిన వారం పది రోజుల్లోనే, పట్టుపురుగుల జబ్బును ముందుగా పసిగట్టే పద్ధతి గురించి శిష్యుడికి చెప్పి రాయించారు. 1869 జనవరిలో, ఇంకా సరిగా నడవలేని స్థితిలోనే, రైల్లో పడుకుని దక్షిణ ఫ్రాన్స్‌ చేరారు. నడవబోయి ఒకసారి రాతి గచ్చు మీద పడ్డారు కూడా. అయినా కుర్చీలో కూర్చునే ప్రయోగాలు నడిపించారు. శిష్యులు ఆయనకు చేతులయ్యారు. మేరీ ఆయన చెబుతుంటే రాసిపెట్టారు. 1870లో పట్టుపురుగుల జబ్బులపై ఆయన పుస్తకం అచ్చయింది. తల్లి సీతాకోకచిలుకను మైక్రోస్కోప్‌ కింద పరీక్షించి, జబ్బు లేని గుడ్లనే ఎంచుకోవడం ఆయన నేర్పిన పద్ధతి. మన హిందూపురం, మదనపల్లె రైతులకు అందే పట్టు గుడ్ల తయారీకీ నేటికీ అదే ఆధారం.

ఎడమ చెయ్యి బిగుసుకుపోవడం, కాలు ఈడ్వడం జీవితాంతం ఉండిపోయాయి. పాశ్చర్‌ మునుపటి మనిషి కాలేదు. కానీ ఆయన పేరు నిలబెట్టిన పనుల్లో ముఖ్యమైనవి కొన్ని ఆ తర్వాతే జరిగాయి. 1881లో గొర్రెలకు ఆంత్రాక్స్‌ టీకా వేయించి నిరూపించారు. 1885 జులై 6న, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్‌ మైస్టర్‌కు టీకా ఇప్పించారు. సూది వేసింది డాక్టర్‌ గ్రాన్షే. పాశ్చర్‌ వైద్యుడు కాదు. పిల్లాడు బతికాడు. 1887లో మళ్లీ దెబ్బ తగిలి మాట దెబ్బతింది. మరుసటి ఏడాది పాశ్చర్‌ ఇన్‌స్టిట్యూట్‌ ప్రారంభమైనప్పుడు ఆయన ప్రసంగాన్ని కొడుకు చదివారు. 1895 సెప్టెంబరు 28న, 72 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మీరేం చేయాలి?

పాశ్చర్‌కు లేని అవకాశం మీకుంది. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పైకెత్తలేకపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒకవైపు ఉన్నట్టుండి తిమ్మిరెక్కినా వెంటనే 108కి ఫోన్‌ చేయండి. తగ్గిపోయినట్టు అనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. స్కాన్‌ కాకుండా సొంతంగా ఆస్పిరిన్‌ వేయకండి. రక్తనాళం చిట్లి ఉంటే అది హాని చేస్తుంది. మింగడం కష్టమై పొరబోవచ్చు కాబట్టి నీళ్లు, తిండి పెట్టకండి. పసరు మందు కోసం ఊళ్లు తిరుగుతూ ఆలస్యం చేయకండి.

ప్రమాదం గట్టెక్కాక ఫిజియోథెరపీ త్వరగా మొదలు పెట్టించండి. చనిపోయిన మెదడు కణాలు తిరిగి రావు. కానీ సాధన చేసేకొద్దీ మిగిలిన కణాలు ఆ పనిని నేర్చుకుంటాయి. తొలి మూడు నెలల్లో మెరుగుదల ఎక్కువ. ఆ తర్వాతా ఆగిపోదు. బీపీ, షుగర్‌ మందులు మానితే మళ్లీ దెబ్బ తగిలే ముప్పు పెరుగుతుంది. రోజుల తరబడి దిగులుగా, ముభావంగా ఉంటే అదీ జబ్బులో భాగమే. డాక్టరుకు చెప్పండి.

మరొక్క మాట. కోలుకుంటున్నవారికి అన్నీ మీరే చేసిపెట్టకండి. లెక్కలు చూడటమో, మనవడికి పాఠం చెప్పడమో, వారికి చేతనైన పని ఒకటి అప్పగించండి. పాశ్చర్‌ను మంచం మీద నుంచి లేపింది జలగలు కాదు. తాను చేయాల్సిన పని ఇంకా ఉందన్న ఆలోచన, ఆ పనిలో చేయి కలిపిన మనుషులు.