మొదటి సూది తనకే: వాల్డెమార్ హాఫ్కిన్ జీవిత విశేషములు



ముంబైలో స్థిరపడిన మన తెలుగువారిలో అనేకులు పరేల్ మీదుగా వెళ్ళేటప్పుడు హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ అనే పేరు చూసే ఉంటారు. ఆ పేరు ఎవరిదో తెలిసినవారు మాత్రం తక్కువ. 2021లో కరోనా టీకాలు వచ్చినప్పుడు మన సంఘాలలోనూ కొందరు వేయించుకోవడానికి జంకారు. అప్పుడు మేము కొందరి భయాన్ని విని నవ్వాము, కొందరిని గద్దించాము. తరువాత హాఫ్కిన్ గారి జీవితము చదివినప్పుడు, మేము చేసింది సరికాదని మాకే అనిపించింది. అందుచేత ఈ సంచికలో ఆయన కథ మీ ముందుంచుతున్నాము.

హాఫ్కిన్ గారు 1860 మార్చి 15న, అప్పటి రష్యా సామ్రాజ్యములోని ఒడెస్సా పట్టణములో ఒక యూదా కుటుంబములో జన్మించారు. ఆయనకు మొర్దెకై అనే పేరు కూడా ఉంది. ఎస్తేరు గ్రంథము చదివిన మనకు ఆ పేరు కొత్త కాదు. ఒడెస్సా విశ్వవిద్యాలయములో మెచ్నికోవ్ అనే గొప్ప శాస్త్రజ్ఞుని వద్ద చదువుకున్నారు. అల్లరిమూకలు యూదుల ఇండ్ల మీద పడినప్పుడు ఎదురు నిలిచి గాయపడ్డారు, జైలు పాలయ్యారు. చదువులో ఎంత ముందున్నా యూదుడైనందున పైకి వెళ్ళే దారి మూసుకుపోయింది. ప్రభుత్వము ఆమోదించిన మతములో చేరితే ఉద్యోగము దొరికేది. ఆయన ఒప్పుకోలేదు. మనస్సాక్షి విషయములో బలవంతము కూడదని నమ్మే బాప్టిస్టులమైన మనము ఆ నిర్ణయాన్ని గౌరవించగలము.

1888లో ఆయన దేశము విడిచి జెనీవా వెళ్ళారు. మరుసటి ఏడు పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో చేరారు. అక్కడ దొరికిన పని గ్రంథాలయములో. ఆ పని చూసుకుంటూనే కలరా క్రిముల మీద పరిశోధన చేసి టీకా తయారుచేశారు. అది మనిషికి హాని చేయదని ఎవరు చెప్పగలరు? 1892 జూలై 18న ఆయన దానిని మొదట తన ఒంటికే ఎక్కించుకున్నారు. జ్వరము వచ్చి తగ్గింది. ఆ తరువాతనే స్నేహితులకు వేశారు.

1893లో కలకత్తాకు వచ్చారు. ఆయన పరదేశి, పైగా వైద్య పట్టా లేనివాడు. చౌధురి, ఘోష్, ఛటర్జీ, దత్ అనే బెంగాలీ వైద్యులు ఆయనకు తోడుగా నిలిచి, బస్తీవారి భాషలో వారికి నచ్చజెప్పారు. ఒక బస్తీలో జనము రాళ్ళు రువ్వారు. ఆయన వారి యెదుటనే తాను మొదట సూది వేయించుకున్నారు. రాళ్ళు పట్టుకొని నిలిచిన గుంపులో నుండే అనేకులు ముందుకు వచ్చారు. ఒకే ఇంటిలో టీకా వేయించుకున్నవారు ఎలా ఉన్నారు, వేయించుకోనివారు ఎలా ఉన్నారు అని లెక్క వ్రాసి పోల్చడము ఆయన పద్ధతి. అస్సాము తేయాకు తోటల కూలీలకు కూడా టీకాలు వేశారు. చివరకు మలేరియా పట్టి 1895లో ఇంగ్లండు వెళ్ళవలసి వచ్చింది. కొంచెము కోలుకోగానే 1896లో తిరిగి వచ్చారు.

ఆ సంవత్సరము సెప్టెంబరులో బొంబాయిలో ప్లేగు బయటపడింది. గజ్జలలో, చంకలలో గడ్డలు లేచి మనుషులు రోజుల వ్యవధిలో చనిపోతున్నారు. లక్షలాదిమంది ఊరు విడిచి పారిపోయారు. ప్రభుత్వము హాఫ్కిన్ గారిని పిలిపించి, బైకుల్లాలోని గ్రాంట్ వైద్య కళాశాలలో ఒక గది, వసారా ఇచ్చింది. తెలుగు కూలీల పేరు మీద వెలసిన కామాటిపుర అక్కడికి దగ్గరే.

టీకా తయారీలో కూడా ఆయన జనము మనసు ఎరిగి నడుచుకున్నారు. గొడ్డు మాంసమైతే హిందువులు, పంది మాంసమైతే ముసల్మానులు నొచ్చుకుంటారని మేక మాంసపు రసము వాడారు. దానిపై నేతి చుక్కలు తేల్చితే, ప్లేగు క్రిములు ఆ నేతి నుండి మర్రి ఊడలవలె క్రిందికి దిగి పెరిగేవి. వాటిని వేడిచేసి చంపితే టీకా తయారయ్యేది. 1897 జనవరి 10న ఆయన దానిని కూడా మొదట తనకే వేయించుకున్నారు, తరువాత ఇతరులకు ఇచ్చిన మోతాదు కన్నా చాలా ఎక్కువగా. జ్వరముతో, నొప్పితో బాధపడినా కోలుకున్నారు. ఆ నెలాఖరున బైకుల్లా జైలులో ప్లేగు చొచ్చినప్పుడు, ఇష్టపడిన ఖైదీలకు టీకా వేశారు. వేయించుకోనివారిలో 12 మందికి వ్యాధి వచ్చి 6 గురు చనిపోయారు. వేయించుకున్నవారిలో ఇద్దరికి వచ్చినా ఎవరూ చనిపోలేదు.

అయినా జనము ఎందుకు భయపడ్డారు? ప్లేగు పేరుతో సర్కారు మనుషులు ఇండ్లలో చొరబడేవారు, రోగులను బలవంతముగా ఆసుపత్రికి ఈడ్చుకుపోయేవారు, సామాను తగులబెట్టేవారు. అలాంటి సర్కారు చేతిలోని సూదిని నమ్మడము ఎలా? పంజాబులో ఆ సూది గజము పొడవుంటుందని, దానితో మగవారి మగతనము, స్త్రీల సంతానము పోతాయని పుకార్లు పుట్టాయి. 2021లో మనము విన్న మాటలు వీటికి ఎంత దగ్గర! బొంబాయిలో మాత్రము ఖోజాల మతపెద్ద ఆగాఖాన్ తనవారి యెదుట ఒకటికి రెండుసార్లు టీకా వేయించుకున్నారు. దానితో ఆ సమాజములో వేలాదిమంది ధైర్యము తెచ్చుకున్నారు.

ఇంతలో ఘోరము జరిగింది. 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామములో 107 మందికి టీకాలు వేశారు. ఒకే సీసాలోని మందు ఎక్కిన 19 మంది ధనుర్వాతముతో చనిపోయారు. విచారణ సంఘము తప్పు ప్రయోగశాలలోనే జరిగిందన్నది. హాఫ్కిన్ గారిని పదవి నుండి తప్పించారు. 1904లో ఆయన అవమానముతో ఈ దేశము విడిచారు. కాని గ్రామములో సీసా తెరిచేటప్పుడు పట్టకారు నేల మీద పడిందని, దానిని సరిగా శుద్ధి చేయకనే వాడారని సాక్ష్యములోనే ఉంది. మలేరియా దోమను గూర్చి కనుగొన్న రోనాల్డ్ రాస్ మొదలైన శాస్త్రజ్ఞులు 1907లో ఆయన పక్షాన బహిరంగముగా వ్రాశారు. ఆ సంవత్సరమే ఆయన నిర్దోషి అని తేలింది.

ఆయన మరల కలకత్తా వచ్చి పనిచేశారు గాని, తాను స్థాపించిన బొంబాయి ప్రయోగశాల ఆయనకు తిరిగి దక్కలేదు. ఉద్యోగ విరమణ తరువాత ఐరోపాలో తన పితరుల మతాచారములను శ్రద్ధగా పాటిస్తూ జీవించారు. కూడబెట్టినది తూర్పు ఐరోపాలోని యూదుల మత పాఠశాలలకు వ్రాసి ఇచ్చారు. 1930 అక్టోబరు 26న లోజాన్ పట్టణములో కన్నుమూశారు. బొంబాయి ప్రయోగశాలకు 1925లోనే ఆయన పేరు పెట్టారు. 1964లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వెలువరించింది.

ఈ జీవితము నుండి మేము నేర్చుకున్నది ఒకటి. భయపడినవాడు మూర్ఖుడు కాడు. ముల్కోవాల్‌లో 19 మంది కోసము ఏడ్పు పుట్టింది, దానిని దాచిపెడితే నమ్మకము పెరగదు. అయితే ఆ ఒక్క సీసా తప్పును చూపి, ప్రాణాలు కాపాడిన లక్షలాది సీసాలను పారవేయడము కూడా న్యాయము కాదు. మరల ఎప్పుడైనా అలాంటి దినములు వస్తే, మన పెద్దలు వరుసలో ముందు నిలుచుందురు గాక. తరువాత జంకేవారి ప్రక్కన కూర్చుని, వారు అడిగినదానికి తెలిసినంతవరకు నిజము చెప్పుదము. 2021లో మేము నవ్విన ఆ సహోదరీ సహోదరులను మన్నించమని ఈ పుట ద్వారా అడుగుతున్నాము.