హాల్డేన్ పండితుని కుందేలు

జీవజాలము క్రమపరిణామమువలన గలిగినదా, బుద్ధిమంతుడగు కర్త సంకల్పించి రచించినదా యను వివాదము పాశ్చాత్యులదే యనుకొనుట పొరపాటు. ఘటమునకు కుమ్మరి యున్నట్లు జగత్తునకును కర్త యుండవలెనని ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలియందు వాదించెను. అట్టి యనుమానమును బౌద్ధులును మీమాంసకులును అంతకు ముందే ఖండించియుండిరి. తత్త్వము తేల్చుకొనుటకు చేయునది వాదము, గెలుపుకొఱకు చేయునది జల్పము, స్వపక్షము నిలుపక పరపక్షమును పడగొట్టుటయే వితండమని మన న్యాయశాస్త్రము విభజించినది. ఇందు మొదటిదానికి ఆధునిక కాలమున నిదర్శనముగ మేము చూపదలచినది జె. బి. ఎస్. హాల్డేన్ పండితుని చరిత్రము.

ఆయన 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డులో జన్మించెను. తండ్రి శ్వాసక్రియను పరిశోధించిన శరీరశాస్త్రజ్ఞుడు. విషవాయువులను తమ దేహములమీదనే ప్రయోగించి చూచుట ఆ తండ్రికొడుకుల యలవాటు. హాల్డేన్ మొదటి ప్రపంచ సంగ్రామమున పోరాడి, పిమ్మట కేంబ్రిడ్జియందును లండను యూనివర్సిటీ కళాశాలయందును బోధించెను. ప్రకృతివరణము జాతిని ఎంత వేగముగ మార్చగలదో 1924 మొదలు గణితముచే చూపెను. డార్విన్ సిద్ధాంతమునకు మెండెల్ వంశానుక్రమ నియమములతో పొత్తు కుదిర్చిన మువ్వురిలో ఆయన యొకడు.

ఇంతటివాడయ్యు ప్రతిపక్షులను తృణీకరింపలేదు. ఆర్నాల్డ్ లన్ అను ఆస్తికునితో లేఖామూలమున సాగించిన వాదము 1935లో గ్రంథరూపమున వెలువడెను. మన దేశమున సివిల్ సర్వీసునందుండి పక్షులనుగూర్చి పెక్కు గ్రంథములు వ్రాసిన డగ్లస్ డ్యూయర్ పరిణామమును నిరాకరింపగా, ఆయనతోను డేవీస్ అను సైనికోద్యోగితోను జరిపిన వాదము 1949లో ప్రకటితమయ్యెను. సగము ఏర్పడిన కన్ను దేనికి పనికివచ్చునని కర్తృవాదులు చిరకాలముగ అడుగుచున్నారు. వెలుగుచీకటులను మాత్రమే కనిపెట్టు కన్నులుగల నత్తజాతులు నేటికిని కలవు. గుడ్డితనముకంటె అదియు మేలే. ఇట్టి ప్రశ్న లేనిచో ఇట్టి సమాధానమును వెదకువారు అరుదు. చర్చవలని లాభమిదియే.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనుట వితండవాది లక్షణము. హాల్డేన్ కుందేలు వేఱు. పరిణామవాదమును ఏది కూల్చగలదని యడుగగా, కేంబ్రియన్ యుగమునకు, అనగా 54 కోట్ల యేండ్లకు, పూర్వపు శిలలలో కుందేటి శిలాజము దొరికిన చాలునని ఆయన బదులు చెప్పెనని ప్రసిద్ధి. ఆ శిలలకై దూరదేశములకు పోనక్కఱలేదు. పెద్దారవీడు, మార్కాపురము ప్రాంతముల బాలురు తరతరములుగ అక్షరములు దిద్దిన పలకరాయి 100 కోట్ల యేండ్లకు పైబడినది. గనిలో దానిని పొరలుగ చీల్చు పనివానికి ఒక్క యెముకయు కానరాలేదు. ఒక్కటి కనబడినచో మహాపండితుల సిద్ధాంతము తలక్రిందులగును. కర్తృవాదము ఇట్టి పందెము నొడ్డజాలదు. ఏది దొరికినను కర్త సంకల్పమే యనవచ్చును. అతిమానుష కారణము నాశ్రయించునది గావున అది శాస్త్రము కాదని 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాయందు ఫెడరల్ న్యాయస్థానము తీర్పు చెప్పెను.

హాల్డేనునకు మచ్చ లేకపోలేదు. 1948లో సోవియట్ ప్రభుత్వము మెండెల్ శాస్త్రమును బహిష్కరించి లైసెంకో పక్షమునే నిలిపినప్పుడు, సామ్యవాదియగు ఆయన తగినంత గట్టిగ ఖండింపలేదు. వాదమును అధికారము ముగించినచోట సత్యమునకు హాని తప్పదు. మన దేశముననే 2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 10వ తరగతి పాఠ్యగ్రంథమునుండి పరిణామ భాగము తొలగింపబడెను. పాఠమే లేనిచోట చర్చ యెట్లు పుట్టును?

సూయజ్ దండయాత్రను గర్హించి హాల్డేన్ 1957లో భారతదేశమునకు వచ్చి, 1961లో ఈ దేశపు పౌరుడయ్యెను. ఆయన శిష్యులు ఆంధ్రదేశమున మేనరికపు వివాహముల ఫలితములను పరిశోధించిరి. 1964 డిసెంబరు 1న భువనేశ్వరమున ఆయన మరణింపగా, ఆయన కోరికమేరకు దేహము విద్యార్థుల యభ్యాసార్థము కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేరెను.

మన పాఠశాలలలో ఉభయపక్షముల ప్రశ్నలును నిర్భయముగ వినబడవలెనని మా యభిప్రాయము. అయితే ఏది చూపిన తానోడుదునో ప్రతివాదియు ముందుగ చెప్పవలెను. అట్లు చెప్పజాలనివాడు విశ్వాసి కావచ్చును, పూజ్యుడును కావచ్చును. శాస్త్రపీఠమున మాత్రము వానికి చోటు లేదు.