ఇల్లాలికి గుడ్డు పడదని...

సాయంత్రం చుట్టాలొస్తున్నారంటే మధ్యాహ్నమే కస్టర్డ్ కాచి, బిస్కెట్ల మీద పోసి ఫ్రిజ్‌లో పెట్టేస్తాం. ఓవెన్‌తో పనిలేదు, గుడ్డుతో అసలే పనిలేదు. అయితే కస్టర్డ్ అంటే నిజానికి గుడ్డు వంటకమే. అందులోంచి గుడ్డును తీసేసిన మనిషి ఆల్‌ఫ్రెడ్ బర్డ్. అదీ భార్య కోసం!

ఈయన 1811లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో పుట్టాడు. మందుల తయారీ నేర్చుకుని బర్మింగ్‌హామ్ నగరంలో బుల్ స్ట్రీట్‌లో షాపు పెట్టాడు. భార్య ఎలిజబెత్‌కి కోడిగుడ్డు పడదు. ఇంగ్లీషువాళ్ల ఇళ్లలోనేమో పళ్లతో చేసిన తీపి వంటకాలన్నిటి మీదా కస్టర్డ్ పోసుకోవడం అలవాటు. పాలు, పంచదార, గుడ్డు కలిపి సన్నని సెగ మీద కాచాలి. సెగ కాస్త ఎక్కువైందా, విరిగి ఉండలు కట్టేస్తుంది.

పడకపోతే తినకు అనేసి ఊరుకునే భర్తలే ఎక్కువ. బర్డ్ మాత్రం తన షాపులోని సరంజామాతోనే ప్రయత్నించి, 1837లో గుడ్డు లేకుండానే పాలను చిక్కబరిచే పొడి తయారుచేశాడు. ఇంట్లోవాళ్ల కోసం చేసింది ఓసారి పొరపాటున అతిథులకు వడ్డించారనీ, వాళ్లు లొట్టలేసుకుంటూ తినడంతో అమ్మకానికి పెట్టాలన్న ఆలోచన వచ్చిందనీ చెబుతారు.

ఎలిజబెత్‌కి ఈస్టు కూడా పడదు. అంటే బ్రెడ్డూ కష్టమే. దానికోసం 1843లో బేకింగ్ పౌడర్ చేశాడు. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికుల రొట్టెలకూ అదే అక్కరకొచ్చింది. ఒక ఇల్లాలి ఒంటికి పడని రెండు వస్తువుల వల్ల ఎన్ని వంటిళ్లకు మేలు జరిగిందో చూడండి!

బర్డ్‌కి వంటకాలే కాదు, ఇతర సరదాలూ ఉండేవి. గాజు గిన్నెల్ని స్వరాలు పలికేలా అమర్చి వాయించేవాడు. 1859లో నీటితో పనిచేసే బారోమీటర్ కట్టి, గాలి ఒత్తిడిలో మార్పుల్ని అందరికీ చూపించి మురిసిపోయేవాడు. 1878లో ఆయన చనిపోయినప్పుడు కెమికల్ సొసైటీ పత్రిక ఆ పరిశోధనల గురించి వివరంగా రాసింది. కస్టర్డ్ ఊసే లేదు. వంటింటి సంగతి శాస్త్రం కిందికి రాదనుకున్నారో ఏమో!

వ్యాపారాన్ని కొడుకు ఆల్‌ఫ్రెడ్ ఫ్రెడరిక్ పెద్దది చేశాడు. ఆ తరహా పొడే మన దేశంలోనూ రకరకాల కంపెనీల పేర్లతో దొరుకుతోంది. గుడ్డు ముట్టని ఇళ్లలోకి కస్టర్డ్ వచ్చిందంటే ఈ పొడి చలవే.

పొడిలో ముఖ్యంగా ఉండేది కార్న్‌ఫ్లోర్. వేడికి ఆ పిండి నీరు పీల్చుకుని ఉబ్బి, పాలను చిక్కబరుస్తుంది. వేడి పాలల్లో నేరుగా వేస్తే మాత్రం ఉండ కడుతుంది. అందుకే అరలీటరు పాలల్లోంచి పావుకప్పు చల్లటివి ముందే తీసి, మూడు టేబుల్ స్పూన్ల పొడి కలపండి. మిగతా పాలు నాలుగు స్పూన్ల పంచదారతో మరుగుతుండగా ఇది పోసి, రెండు మూడు నిమిషాలు ఆపకుండా కలపాలి. పచ్చివాసన పోవాలి మరి.

ఇక మేరీ బిస్కెట్లు. ఇవీ బర్డ్ బతికుండగానే పుట్టాయి. విక్టోరియా రాణి రెండో కొడుక్కి రష్యా రాకుమారి మరియాతో పెళ్లయినప్పుడు, 1874లో లండన్‌లోని పీక్ ఫ్రీన్ కంపెనీ ఆమె పేరుతో చేసింది. ఒక్కో బిస్కెట్‌ను పాలల్లో ఇలా ముంచి అలా తీసి గాజుగిన్నెలో పరవండి. నానితే ముద్దైపోతుంది. పైన కస్టర్డ్, మళ్లీ బిస్కెట్లు, మళ్లీ కస్టర్డ్. మీగడ కట్టకుండా మూతపెట్టి, చల్లారాక నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే చక్కగా ముక్కలు కోసుకోవచ్చు.

వచ్చేవాళ్లలో ఎలిజబెత్‌లాగా గుడ్డు పడనివాళ్లుంటే, పొడి ప్యాకెట్టు మీదా బిస్కెట్ ప్యాకెట్టు మీదా ఏమేం కలిపారో రాసి ఉంటుంది, ఓసారి చదివి మరీ వాడండి.