పుస్తకాల మూట

బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు ఇంట్లో ఏం జరుగుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అటక మీది పెట్టెలు కిందికి దిగుతాయి. ఏది తీసుకుపోవాలి, ఏది వదిలేయాలి అన్న తగవు మొదలవుతుంది. ఆ తగవులో ముందుగా ఓడిపోయేవి పుస్తకాలు. బరువెక్కువ, మళ్లీ కొనుక్కోవచ్చులే అని పాత కాగితాల వాడికి వేసేస్తారు. మేమూ పన్నెండేళ్లలో అయిదు ఊళ్లు మారాం. చాలా వదిలేశాం. ఒక్క ట్రంకు పెట్టెను మాత్రం ఎక్కడా వదల్లేదు.

అందులో ఉన్నది మా సొంత పుస్తకమే. ఆరేళ్ల కిందట పిల్లల కోసం రాసుకున్న గేయాలను సొంత డబ్బుతో అయిదు వందల ప్రతులు అచ్చు వేయించాం. అమ్మిపెడతామన్న వారు ఏడాది తిరిగేసరికి నాలుగు వందల పైచిలుకు ప్రతులను కట్టలు కూడా విప్పకుండా తిప్పి పంపారు. తెలుగు పుస్తకాలు ఎవరూ కొనడం లేదని ఊరూరా వాపోతూ ఆ కట్టలతోనే మరైగూడ దాకా వచ్చాం. ఇక్కడ తీరిక దొరికి వట్టికోట ఆళ్వారుస్వామి గారి జీవితం మళ్లీ చదివాం. చదివాక ఆ పెట్టె వైపు చూడాలంటే సిగ్గేసింది. ఎందుకో చెబుతాం.

ఆళ్వారుస్వామి గారు 1915 నవంబరు 1న నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టారు. పదకొండో ఏట తండ్రి పోయారు. ఇంట్లో పేదరికం. బడికి వెళ్లి చదువుకునే వీలు లేక ఒక ఉపాధ్యాయుడి ఇంట వంట చేసిపెడుతూ ఆయన దగ్గరే అక్షరాలు నేర్చుకున్నారు. ఆ తర్వాత విజయవాడ వెళ్లి హోటల్లో సర్వరుగా పనిచేశారు. డిగ్రీ లేదు, పరీక్ష పాసైన కాగితం ఒక్కటీ లేదు. తెలుగుతో పాటు ఉర్దూ, ఇంగ్లీషు కూడా సొంతంగానే పట్టుబట్టి నేర్చుకున్నారు. మన బడిలో ఏడాది మధ్యలో చేరి, పుస్తకాలు ఇంకా రాకముందే పరీక్ష రాసే పిల్లలకు ఆ పట్టుదల ఎలాంటిదో కొంత తెలుస్తుంది.

విజయవాడ నుంచి తిరిగి వచ్చి, కొంతకాలానికి హైదరాబాదు చేరారు. అక్కడ గోలకొండ పత్రికలో ప్రూఫ్ రీడరు పని దొరికింది.

ఆ పని గురించి కాస్త చెప్పాలి. మీరు కంప్యూటర్లో ఒక మీట నొక్కితే అక్షరం పడుతుంది. అప్పట్లో ఒక్కో అక్షరం సీసంతో పోతపోసిన చిన్న కడ్డీ. కంపోజిటరు గళ్ల పెట్టె ముందు నిలబడి ఒక్కొక్కటి ఏరి వరసగా పేర్చాలి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు ఉంటాయి కనుక ఆ గళ్లు వందల్లో ఉంటాయి. పైగా అచ్చుదిమ్మ మీద అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. పేర్చిన పేజీకి సిరా పూసి ఒక కాగితం మీద తీస్తే అది ప్రూఫు. ఎగిరిపోయిన ఒత్తును, తారుమారైన దీర్ఘాన్ని పట్టుకోవడం ప్రూఫ్ రీడరు పని. జీతం తక్కువ, కళ్లకు శ్రమ ఎక్కువ. కానీ పుస్తకం ఎలా తయారవుతుందో, దేనికెంత ఖర్చవుతుందో తెలుసుకోవాలంటే అంతకన్నా మంచి బడి లేదు.

అప్పటి హైదరాబాదు రాజ్యం నిజాం పాలనలో ఉండేది. ప్రజల్లో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. కచేరీల్లో ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. తెలుగు చదువుకోవాలనుకునే వారికి 1901లో హైదరాబాదులో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాలు కొన్ని ఉండేవి. సభ పెట్టాలంటే అనుమతుల చిక్కు. ఈ ప్రాంతంలో తెలుగు కవులే లేరని ఒకరు అంటే, గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవుల రచనలు సేకరించి గోలకొండ కవుల సంచికగా అచ్చు వేశారు. రాసేవాళ్లు ఉన్నారని దానితో తేలిపోయింది. రాసింది పుస్తకంగా వేసి, చదివేవాళ్ల చేతికి అందించేదెవరు? అది మిగిలింది.

1938లో ఆళ్వారుస్వామి గారు ఆ పని తలకెత్తుకున్నారు. అప్పటికి ఆయన వయసు ఇరవై మూడు కూడా సరిగా నిండలేదు. దేశోద్ధారక గ్రంథమాల అని పేరు పెట్టారు. దేశోద్ధారక అన్నది ఆంధ్రపత్రిక స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి బిరుదు. పంతులు గారు ఆ ఏడాదే మరణించారు. అయితే పంతులు గారి వెనుక అమృతాంజనం వ్యాపారం ఉండేది. మీ అమ్మమ్మల తలనొప్పికి రాసుకునే ఆ పసుపు సీసాయే! ఆళ్వారుస్వామి గారి వెనుక అలాంటిదేమీ లేదు.

పుస్తకం వేయడంలో అసలు చిక్కు డబ్బు వచ్చే తీరులో ఉంది. కాగితానికి, ప్రెస్సుకు, బైండింగుకు ముందే చెల్లించాలి. తిరిగి వచ్చేది మాత్రం ఒక్కో ప్రతి మీద కొన్ని అణాల చొప్పున. అవి పోగయితేనే తర్వాతి పుస్తకం. ఒక పుస్తకం గదిలో మూలన పడి ఉంటే, రాబోయే పుస్తకం కూడా ఆగిపోయినట్టే. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక కాగితమే దొరకని రోజులు. ఇంకో తలనొప్పి, హైదరాబాదు రాజ్యానికి హాలీ సిక్కా అని సొంత నాణెం ఉండేది, మద్రాసు వైపు చెల్లేది కల్దారు రూపాయి. రెండింటి విలువా ఒకటి కాదు.

కొట్టు పెట్టి కూర్చుంటే పల్లెటూరి రైతు తెలుగు పుస్తకం కోసం పట్నం రాడు కదా. అందుకని పుస్తకాన్నే రైతు దగ్గరికి తీసుకుపోయారు. మూట కట్టి నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ, ఊరూరా తిరిగి అమ్మారు. ఆంధ్ర మహాసభ సమావేశాలు ఎక్కడ జరిగినా అక్కడ పుస్తకాలు పరిచారు. సంపాదకుడు, ప్రూఫ్ రీడరు, కూలీ, అమ్మేవాడు అన్నీ తానే. ఇలా ముప్పైకి పైగా పుస్తకాలు వెలువడ్డాయి. సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం చేసుకునేది ఎవరి పుట్టినరోజున? కాళోజీ నారాయణరావు గారి పుట్టినరోజున. ఆయన 'నా గొడవ'ను 1953లో ప్రచురించినది ఈ గ్రంథమాలే.

మేము అట్టపెట్టెలు అప్పజెప్పి ఫోను కోసం ఎదురుచూశాం. ఆయన నడిచారు. మా సిగ్గుకు కారణం అదే. నెత్తి మీద మూటతో వెళ్లినవాడికి కొనని మనిషి ముఖం కూడా కనబడుతుంది. చదవడం రాకా, డబ్బు లేకా, ఆ పుస్తకం తన గురించి కాదనుకునా, ఎందుకు కొనడం లేదో తెలుస్తుంది. ఆయన తర్వాత రాసిన నవలల్లో పల్లె మనుషులు అంత నిజంగా ఉండటానికి ఆ తిరుగుళ్లు కూడా ఒక కారణమని మా నమ్మకం.

పుస్తకాలతో పాటు ఆయన ప్రజా ఉద్యమాల్లోనూ తిరిగారు. రిక్షా కార్మికుల సంఘంలో పనిచేశారు. 1942లో ఒకసారి, ఆ తర్వాత మరోసారి చాలా ఏళ్లు జైలు అనుభవించారు. 1948లో నిజామాబాదు జైల్లో కవి దాశరథి కృష్ణమాచార్యులు గారు ఆయనకు తోటి ఖైదీ. రాసుకోవడానికి కాగితం ఇవ్వరు. పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో దాశరథి గారు జైలు గోడ మీద పద్యాలు రాశారు. అధికారులు చెరిపించేలోగా ఆళ్వారుస్వామి గారు వాటిని కంఠస్థం చేసేశారు. కాగితం లేదు, ప్రెస్సు లేదు, ఉన్నది ఒకే ఒక ప్రతి, అదీ ఆయన నోట్లో. 1949లో 'అగ్నిధార' కావ్యం వెలువడినప్పుడు దాశరథి గారు దాన్ని ఈ మిత్రుడికే అంకితం ఇచ్చారు.

జైలు నుంచి బయటికి వచ్చాక సొంత రచనల వంతు వచ్చింది. అంతవరకు ఎక్కువగా ఇతరుల పుస్తకాలు మోసిన మనిషి. నిజాం కాలపు తెలంగాణ పల్లెను చూపించే 'ప్రజల మనిషి' నవల రాశారు. తోటి ఖైదీల బతుకుల మీద 'జైలు లోపల' కథలు రాశారు. 'గంగు' అనే మరో నవల మొదలుపెట్టారు. అది పూర్తి కాకముందే 1961 ఫిబ్రవరి 5న, నలభై అయిదేళ్ల వయసులో కన్నుమూశారు. గంగు అసంపూర్ణంగానే 1965లో అచ్చయింది.

మరైగూడ చుట్టూ గోండి, దోర్లి, హిందీ, తెలుగు అన్నీ వినబడతాయి. సంతలో తెలుగు మాట్లాడేవారు బోలెడుమంది. చేతిలో తెలుగు పుస్తకం ఉన్నవారు మాత్రం మాకు ఇంతవరకు కనబడలేదు. తెలుగు పుస్తకం కొనాలంటే సరిహద్దు దాటి భద్రాచలం వైపు పోవాలి.

కిందటి నెల ట్రంకు పెట్టె తెరిచాం. పైవరస కట్టలకు కాస్త చెమ్మ తగిలింది, మిగతావి బాగున్నాయి. ఒక సంచిలో ముప్పై ప్రతులు వేసుకుని సంతకు వెళ్లి చింతపండు అమ్మే ఆవిడ పక్కన గుడ్డ పరిచి కూర్చున్నాం. మొదటి గంటలో ఎవరూ ఆగలేదు. ఆ తర్వాత ఆరో తరగతి పిల్లలు ఇద్దరు వచ్చి, మాకు చెప్పకుండానే ఒక గేయం గట్టిగా చదవడం మొదలుపెట్టారు. జనం పోగయ్యారు. ఆ రోజు పదకొండు ప్రతులు అమ్ముడయ్యాయి. ఒక ప్రతికి చింతపండే ఇచ్చారు. రెండో గేయంలో కోడిపుంజు గురించి రాసింది తప్పని ఒక పెద్దాయన నవ్వుతూ చెప్పి వెళ్లారు. ఆయన చెప్పిందే నిజం, తర్వాతి అచ్చులో దిద్దాలి.